టక్ టక్ అంటోందా? ముందు కేబుల్ పీకండి

ప్రశ్న: మా 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టేబుల్ మీంచి కింద పడింది. అప్పటి నుంచి ల్యాప్‌టాప్‌కి పెడితే టక్, టక్ అని చప్పుడే గానీ డ్రైవ్ కనబడట్లేదు. పాప అన్నప్రాశన నుంచి ఐదో పుట్టినరోజు దాకా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని మా మరిది అంటున్నాడు, పెట్టమంటారా? ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, ఫ్రిజ్ జోలికి పోకండి. చల్లటి సీసా బయట పెడితే చెమ్మ పట్టినట్టే డిస్కుకీ పడుతుంది, ఆ తడితో తిప్పితే ఉన్నది కూడా పోతుంది. మీ మరిది మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, ఆ చిట్కా నెట్‌లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది.

లోపల ఏం జరుగుతోందంటే, అద్దంలా నున్నగా ఉండే పళ్లేలు నిమిషానికి మామూలుగా 5400 సార్లు తిరుగుతుంటాయి, వాటిని చదివే హెడ్ ఆ పళ్లేన్ని తాకకుండా పైన తేలుతుంటుంది. ఆ సందు తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కింద పడ్డాక ఆ చప్పుడు వస్తోందంటే దాదాపుగా హెడ్ దెబ్బతిన్నట్టే, అది చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తోంది. అలా తిరిగేటప్పుడు పళ్లెం మీది పూత గీసుకుపోతే అక్కడి ఫొటోలు ఎవరి తరమూ కాదు. అందుకే "ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అనుకోకండి.

సాఫ్ట్‌వేర్ సంగతి. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ మంచివే, ఉచితం కూడా, కానీ అవి డ్రైవ్ బాగుండి, పొరపాటున ఫైళ్లు డిలీట్ చేసినప్పుడో ఫార్మాట్ కొట్టినప్పుడో పనికొస్తాయి. చప్పుడు లేకుండా నత్తలా నడిచే డ్రైవ్ అయితే డీడీరెస్క్యూ అనే కాపీ తీసే ప్రోగ్రామ్‌తో ముందు మొత్తాన్నీ ఇంకో డిస్కులోకి కాపీ తీసి, ఆ కాపీ మీద వెతుక్కోవాలి, డిస్కులో తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ మాత్రం నడపకూడదు. మీ కేసులో ఇవేవీ పనిచేయవు.

మీకు కావాల్సింది దుమ్ము లేని క్లీన్ రూమ్ సదుపాయం ఉన్న డేటా రికవరీ ల్యాబ్. అదే మోడల్ డ్రైవ్ ఇంకోటి తెచ్చి దాని హెడ్‌లు దీనికి బిగిస్తారు కాబట్టి ఖర్చు వేలల్లోనే ఉంటుంది, కొత్త డిస్క్ ధర కంటే చాలా ఎక్కువ. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, మమ్మల్ని అడక్కుండా విప్పుతారా, ఈ రెండూ ఇచ్చేముందే అడిగి రాయించుకోండి. నా డ్రైవ్ ఒకటి ఇలాగే పోతే, ఓ రిపేరు షాపులో కుర్రాడు తిరిగే ఫ్యాన్ కింద స్క్రూడ్రైవర్‌తో మూత తీసి "లోపల బానే ఉంది సార్" అన్నాడు. ఆ తర్వాత చూసిన ల్యాబ్‌వాళ్లు చేతులెత్తేశారు. సర్క్యూట్ బోర్డు మారిస్తే చాలు అనేవాళ్లనీ నమ్మకండి, ఆ బోర్డు మీది చిప్‌లో మీ డ్రైవ్‌కి మాత్రమే సరిపోయే లెక్కలుంటాయి, ఆ చిప్‌ని కూడా తీసి కొత్త బోర్డు మీదికి ఎక్కించాలి. పైగా కింద పడ్డ డ్రైవ్‌లో తప్పు ఎక్కువగా బోర్డుది కాదు.

డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని ఫోన్లు చేయండి. పాత ఫోన్లు, మెమరీ కార్డులు, గూగుల్ ఫొటోస్, అన్నప్రాశన తీసిన ఫొటోగ్రాఫర్ కంప్యూటర్. అన్నిటికంటే ముందు, పాప ఫొటో ప్రతిదీ వాట్సాప్‌లో అందుకున్న అమ్మమ్మ ఫోన్ చూడండి. క్లారిటీ కాస్త తగ్గి ఉండొచ్చు గానీ, ఆవిడ ఒక్కటి కూడా డిలీట్ చేసి ఉండరు.