ఒకటి నుంచి పది గడగడా చెబుతారు, నా పేరు మాత్రం రాదు

ప్రశ్న: మా నాన్నకి 61 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. చెయ్యి చాలావరకు బాగైంది గానీ మాట రావట్లేదు. ఒకటి నుంచి పది వరకు గడగడా చెప్పేస్తారు, ఏదైనా కింద పడితే "అయ్యో" అంటారు, కానీ నా పేరు చెప్పమంటే నోరు అటూ ఇటూ తిప్పి ఆగిపోతారు. డాక్టరుగారు అప్రాక్సియా అన్నారు. ఇంట్లో కొందరేమో కావాలనే మాట్లాడటం లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. మీకు వింతగా అనిపించిన ఆ తేడాయే ఈ సమస్యకి పెద్ద గుర్తు.

ఒక మాట అనాలంటే పెదవులు, నాలుక, దవడ, గొంతు ఏది ఎప్పుడు ఎంత కదలాలో మెదడు ముందే కూర్చుకోవాలి. ఆ కూర్పు దెబ్బతినడమే అప్రాక్సియా. ఎక్కువగా మెదడు ఎడమవైపు స్ట్రోక్ వచ్చినవాళ్లలో చూస్తాం, తలకి దెబ్బ తగిలినా, మెదడులో గడ్డ ఉన్నా రావచ్చు. నాలుకలో బలం ఉంటుంది, అనాల్సిన మాటా తెలుసు, కానీ నోటికి అందదు. అంకెలు, వారాల పేర్లు ఏళ్ల తరబడి అలవాటైన వరస కాబట్టి దొర్లిపోతాయి, అడిగినప్పుడు చెప్పాల్సిన మాట అలా రాదు. గమనించండి, "తల" అనగలిగినవారు "తలుపు" దగ్గర తడబడతారు, "తలుపులన్నీ" అనమంటే ఇంకా కష్టం. అదే మాట ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా తప్పుతుంది, మధ్యమధ్యలో సరిగ్గానూ వచ్చేస్తుంది. నటిస్తున్నారనే అనుమానం అక్కడే పుడుతుంది, పాపం.

కండరాల బలహీనత వల్ల మాట ముద్దగా రావడం వేరు, దాన్ని డిసార్థ్రియా అంటారు. అఫేసియాలో మాటలే గుర్తురావు, లేదా ఎదుటివాళ్లు అన్నది అర్థం కాదు. చిక్కేంటంటే అప్రాక్సియా, అఫేసియా చాలామందిలో కలిసే ఉంటాయి, కాబట్టి రెండూ విడివిడిగా పరీక్షించమని స్పీచ్ థెరపిస్టుని అడగండి.

దీనికి మాత్రలు లేవు, సాధనే మందు. థెరపిస్టు ఎదురుగా కూర్చుని తన నోరు చూడమంటారు, ముందు ఇద్దరూ కలిసి, తర్వాత మీ నాన్న ఒక్కరే, ఒకే మాటని పదేపదే, ఒక్కో అక్షరానికి వేలితో తాళం వేస్తూ అనిపిస్తారు. మొదలుపెట్టాల్సింది ఆయనకి రోజూ అవసరమయ్యే మాటలతో, మీ పేరుతో సహా. నాలుక బలం పెంచే వ్యాయామాలంటూ గంటలు గడిపేయడం నాకు నచ్చదు, ఇక్కడ లోపం బలంలో లేదు కదా.

ఇంట్లో మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. ఆయన మాట కోసం ఆగండి, సగంలో మీరు అందించేయకండి, అందించమంటారా అని అడగండి. చెవుడేం లేదు, అరవక్కర్లేదు. వచ్చినవాళ్ల ముందు "ఏదీ, నా పేరు చెప్పు నాన్నా" అని పరీక్ష మాత్రం పెట్టొద్దు, టెన్షన్‌లో వచ్చే మాట కూడా పోతుంది. పెన్ను, ఫోన్‌లో బొమ్మలు, సైగలు, ఏది వీలైతే అది వాడనివ్వండి. వాటి వల్ల మాట రావడం ఆగిపోదు.

ప్రశ్న: మా అమ్మకి స్ట్రోక్ ఏమీ రాలేదు, అయినా ఏడాదిగా మాట నెమ్మదించి, ముక్కలుముక్కలుగా వస్తోంది. వయసు వల్లేనా?

జవాబు: వయసు మీదికి తోసేయకండి. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే జబ్బుల్లోనూ అప్రాక్సియా మెల్లగా మొదలై పెరుగుతుంది. న్యూరాలజిస్టుకి చూపించండి. ఇలా నెమ్మదిగా కాకుండా ఉన్నట్టుండి మాట పడిపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.