జెల్ కెమిస్ట్రీ అంటున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. కాకినాడ వైపు రొయ్య పిల్లల్ని పరీక్షించే పీసీఆర్ ల్యాబులో ఇంటర్న్‌షిప్ చేసొచ్చింది. అప్పట్నుంచి ప్రొటీన్ పరీక్షలకు కొత్త జెల్స్, పాలిమర్లు కనిపెట్టే పని చేస్తానంటోంది. బయోటెక్నాలజీకి మార్చాలా? ఉద్యోగాలు ఉంటాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్చకండి. మీ అమ్మాయి మనసుపడ్డది పక్కా కెమిస్ట్రీ పని. జెల్ అంటే కరెంటు పెట్టి డీఎన్ఏ, ప్రొటీన్లను సైజువారీగా విడదీయడానికి వాడే మెత్తటి జల్లెడ లాంటిది. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ పరీక్షలో తను చూసిన జెల్ చాలావరకు అగరోజ్ అయి ఉంటుంది. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, డీఎన్ఏకి పనికొస్తుంది. ప్రొటీన్లకు ఎక్కువగా వాడేది మనుషులు తయారుచేసిన పాలీఅక్రిలమైడ్. రేమండ్, వైన్‌ట్రాబ్ 1959లో దాన్ని ఈ పనికి తెచ్చారు. 1970లో లామ్లీ ప్రచురించిన, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతిని ల్యాబుల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

రెండు గాజు పలకల మధ్య అక్రిలమైడ్, బిస్‌అక్రిలమైడ్ ద్రావణం పోస్తారు. అమ్మోనియం పర్‌సల్ఫేట్, టెమెడ్ అనే రసాయనాలు కలిస్తే గొలుసులు అల్లుకుని జెల్ గడ్డకడుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ అల్లిక దెబ్బతింటుంది, అందుకే పైన పల్చగా ఐసోప్రొపనాల్ పోస్తారు. అక్రిలమైడ్ శాతం పెంచితే రంధ్రాలు చిన్నవవుతాయి, చిన్న ప్రొటీన్లు బాగా విడిపోతాయి. ఇలా పోసిన మామూలు జెల్ పీహెచ్ 8.8 దగ్గర ఉంటుంది. ఆ క్షారగుణానికి పాలిమర్‌లోని అమైడ్లు మెల్లగా విరిగి జెల్ పాడవుతుంది. ఎక్కువకాలం నిలవ ఉండే రెడీమేడ్ జెల్ కావాలని బిస్‌ట్రిస్ అనే బఫర్ రసాయనంతో తటస్థ పీహెచ్ జెల్స్ తెచ్చారు. ఆ చిక్కు విప్పింది కెమిస్ట్రీయే. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఇలాంటి పనే, మంచి కోరిక.

ఒక జాగ్రత్త. గడ్డకట్టని అక్రిలమైడ్ నరాలకు విషం. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో పాలిమర్ పేపరు ఉన్నచోట చేర్పించండి, పక్కన బయోకెమిస్ట్రీ చదువుకోమనండి. ఐఐటీలకు జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. దగ్గర్లో కావాలంటే రాజమండ్రిలో ఆదికవి నన్నయ, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. కొత్త జెల్ కనిపెట్టే ఉద్యోగాలు మనదేశంలో తక్కువ, వాటికి పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి. ఎమ్మెస్సీతో ముందు దొరికేది హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలాంటి చోట వ్యాక్సిన్, బయోఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్. అక్కడ ఈ జెల్స్ రోజూ నడిపించాల్సిందే, అనుభవం వృథా పోదు. పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఇంకో దారి. సైన్స్ డిగ్రీ, 21 ఏళ్లు ఉంటే రాయొచ్చు.

పెళ్లి వయసు, ఖర్చు అని పీహెచ్‌డీ మాట ఇప్పుడే కొట్టేయకండి. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలనెలా డబ్బు వస్తుంది, మీ మీద భారం పడదు. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటారు. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టమనండి.