గుడ్డు పెంకుల ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. కోడిగుడ్డు పెంకులతో ఉత్ప్రేరకం తయారుచేసి, వాడేసిన వంటనూనెను బయోడీజిల్‌గా మార్చే ప్రాజెక్టు తీసుకుంది. ఆర్గానిక్ సింథసిస్ (మందుల్లాంటి కార్బన్ సమ్మేళనాల తయారీ) చేస్తేనే ఫార్మాలో ఉద్యోగమని బంధువులంటున్నారు. మార్పించమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మార్పించకండి. ఆ ప్రాజెక్టును ఆమె ఎంత లోతుగా చేస్తుందన్నదే అసలు సంగతి.

పెంకుల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. కడిగి, ఆరబెట్టి, పొడిచేసి మఫిల్ ఫర్నేసులో (ల్యాబులో వాడే విద్యుత్ కొలిమి) 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే మన సున్నమే, మిగులుతుంది. చర్యను వేగంగా జరిపించే ఉత్ప్రేరకం ఇదే. 100 గ్రాముల కార్బొనేటుకు 56 గ్రాములు రావాలి. తూకం బాగా ఎక్కువ ఉంటే సరిగా కాలలేదన్నమాట. కాల్చిన పొడిని బల్లమీద వదిలేసినా గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సత్తువ పోతుంది. వెంటనే డెసికేటర్లో, అంటే తేమ చేరని మూతపెట్టిన పాత్రలో, పెట్టాలి.

మెథనాల్‌తో 60-65 డిగ్రీల దగ్గర నూనెకు చర్య జరిపించి బయోడీజిల్ చేసేటప్పుడు ఉత్ప్రేరకంగా కాస్టిక్ సోడా వాడితే పని త్వరగా అవుతుంది. కానీ పదేపదే కాగిన నూనెలో ఆమ్లాలు ఎక్కువ, సబ్బు తయారై కూర్చుంటుంది. సున్నానికీ ఆ ఇబ్బంది కొంత ఉంది, అందుకే ముందు నూనె యాసిడ్ వాల్యూ, అంటే అందులో ఆమ్లం ఎంతుందో, చూసుకోవాలి. అయితే సున్నంలాంటి ఘన ఉత్ప్రేరకాన్ని వడకట్టి మళ్లీ వాడొచ్చు.

నిజంగా వాడొచ్చా? ఇక్కడే చాలా ప్రాజెక్టులు తేలిపోతాయి. మొదటిసారి వచ్చిన దిగుబడి రాసి ముగించేస్తారు. చర్య సగంలో ఉండగా వేడిమీదే పొడిని వడకట్టి, మిగిలిన ద్రవాన్ని అలాగే వేడిచేయమనండి. చర్య ఇంకా సాగుతోందంటే, కరిగిపోయిన కాల్షియమే ఆ పని చేస్తోందని అర్థం. ఐదుసార్లు తిరిగి వాడి, ప్రతిసారీ ఎంత తగ్గిందో రాయాలి. తగ్గితే దాచొద్దు, ఎందుకు తగ్గిందో వెతకాలి.

ఫార్మాలో హైడ్రోజనేషన్‌కు (అణువులకు హైడ్రోజన్ చేర్చడం) వాడే పల్లాడియం కార్బన్ అనే ఘన ఉత్ప్రేరకానికీ ఇవే ప్రశ్నలు: వడపోత, కరగడం, తిరిగి వాడకం. రిఫైనరీలు, ఎరువుల కర్మాగారాల్లోనూ ఈ పనే. బయోడీజిల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది గానీ, లక్ష్యాలను చూసి కెరీర్ కట్టుకోలేం. నెట్, గేట్ పరీక్షలు రాస్తే పీహెచ్‌డీకి మీ పక్కనే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి.

మెథనాల్ విషం, త్వరగా అంటుకుంటుంది కూడా. పని ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) చేయమనండి. పొడి పూర్తిగా సున్నమైందో చూపే ఎక్స్‌ఆర్‌డీ, బయోడీజిల్ ఎంత వచ్చిందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రాలు ఎక్కడ, ఎప్పుడు దొరుకుతాయో ఈ వారమే గైడ్‌ను అడగమని చెప్పండి.