పాఠకుల ప్రశ్నలు: గ్లౌజులు విప్పాక గోల్‌కీపర్‌కి పనేమిటి?

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే రకం ఆటగాడి గురించి వచ్చాయి. స్టార్ కాదు. క్లబ్బు తరవాత క్లబ్బు మారుతూ పదిహేను, ఇరవై ఏళ్లు గోల్ కాచి, ఆ తరవాత కోచ్ అయ్యే ఫుట్‌బాల్ గోల్‌కీపర్. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొందరు కీపర్ల రికార్డులో పదిహేను, ఇరవై క్లబ్బులు కనిపిస్తాయి. ఆట సరిగ్గా రాకనే ఎవరూ ఉంచుకోలేదా?

చాలామంది విషయంలో అది నిజం కాదు. మిగతా ఆటగాళ్లకి పది చోట్లుంటే కీపర్‌కి ఒక్కటే. ఫార్వర్డ్ అలిసిపోతే అరవయ్యో నిమిషంలో ఇంకొకణ్ని దింపుతారు. కీపర్‌ని మాత్రం గాయమైతేనో రెడ్ కార్డు పడితేనో తప్ప కదపరు. క్లబ్బులు సాధారణంగా ముగ్గురిని పెట్టుకుంటాయి. లీగ్ మ్యాచులు మొదటివాడివి, అదృష్టం బాగుంటే కప్ మ్యాచులు రెండోవాడివి, మూడోవాడికి ప్రాక్టీసే మిగులుతుంది. ఆడి తీరాలనుకునే రెండోవాడు మూటాముల్లె సర్దుకోక తప్పదు. ఎక్కడో ఒక కీపర్ వేలు విరిగిందంటే ఇతనికి పిలుపొస్తుంది. ఇంగ్లండ్ కింది డివిజన్లలో ఇలాంటి అవసరం కోసమే ఏడు రోజుల అత్యవసర లోన్ (వేరే క్లబ్బు కీపర్‌ని కొద్దికాలానికి అరువు తెచ్చుకోవడం) పద్ధతి ఉంది.

జాన్ బరిడ్జ్‌ని తీసుకోండి. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో లెక్కకు మించిన క్లబ్బులకి ఆడి, 1995 మేలో మాంచెస్టర్ సిటీ గోల్‌లో నిలబడేనాటికి ఆయనకి 43 ఏళ్లు. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో అంత పెద్ద వయసులో ఆడినవారు ఇంకెవరూ లేరు. తరవాత ఒమన్ వెళ్లి కోచింగ్‌లో దిగి అలీ అల్ హబ్సీ అనే కుర్ర కీపర్‌ని కనిపెట్టారు. ఆ కుర్రాడు 2003లో నార్వేకి, 2006లో ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కి వెళ్లాడు. జర్మనీకి చెందిన లుట్జ్ ఫానెన్‌స్టీల్ ఫిఫా ఆరు ఖండ సమాఖ్యల పరిధిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి ఆటగాడు. ఆయన ఆ తరవాత క్లబ్బులకి స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పనిచేశారు. ఆట రానివాళ్ల జాతకాలు ఇలా ఉండవు.

ప్రశ్న: చిన్న క్లబ్బులతో ఏడాది కాంట్రాక్టులు చేసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

జీతం అంకె కంటే ముందు, అది ఎన్ని నెలలకో చూడండి. పన్నెండు నెలలకా, సీజన్ నడిచే పది నెలలకా? గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఎంతకాలం జీతం వస్తుంది అన్నది రాతలో ఉండాలి. బోనస్ ఆడిన మ్యాచులకేనా, బెంచీ మీద కూర్చున్నా వస్తుందా అన్నదీ రాయించుకోండి. రెండో కీపర్‌కి ఈ ఒక్క వాక్యమే ఏడాది ఆదాయాన్ని మార్చేస్తుంది.

జీతం ఆగిపోతే అలిగి ప్రాక్టీసు మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మానేసిన రోజు నుంచి కాంట్రాక్టు ఉల్లంఘించింది మీరే అని క్లబ్బు వాదిస్తుంది. ఫిఫా నియమాల ప్రకారం, రెండు నెలల జీతం బాకీ పడితే ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. కనీసం 15 రోజులు గడువివ్వాలి. అప్పటికీ చెల్లించకపోతేనే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు వస్తుంది. ఆ 15 రోజులూ రోజూ ప్రాక్టీసుకి వెళ్లాలి, వెళ్లినట్టు రుజువు ఉంచుకోవాలి. ఇంకొకటి: మామూలుగా ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల దగ్గర రిజిస్టర్ కావచ్చు గానీ, అధికారిక మ్యాచులు రెండిటికే ఆడాలి. తొందరపడి జనవరిలో ఎటో సంతకం పెట్టేసి, తీరా మంచి అవకాశం వచ్చాక కూర్చోవలసి వచ్చేది ఈ లెక్క మరిచినవాళ్లే.

ప్రశ్న: కొత్త క్లబ్బులో చేరిన కీపర్‌కి శనివారమే మ్యాచ్ ఉంటే, ఉన్న నాలుగు రోజుల్లో ఏం నేర్చుకోవాలి?

డిఫెండర్లని. ఆటలో మీ పని సగం వాళ్లతోనే. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లలో ఎవరిది ఏ కాలు, ఒత్తిడిలో బంతి వెనక్కి ఇస్తే ఎవరు ఎటు ఇస్తారు, ఎవరు బలంగా తన్నలేరు అన్నవి మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. భాష కొత్తదైతే వ్యాకరణం అక్కర్లేదు, ఆరేడు కేకలు చాలు: నాది, తన్నెయ్, వెనక మనిషి, తిరుగు, ముందుకు జరగండి, ఎడమ, కుడి. "నాది" అన్న కేక ఆలస్యమైతేనే డిఫెండరూ కీపరూ ఒకరినొకరు గుద్దుకుంటారు. బంతి దిశ తేలిన మరుక్షణం ఒక్కసారి, గట్టిగా అరవాలి. రెండుసార్లు అరిస్తే రెండో కేకని డిఫెండర్ సందేహం అనుకుంటాడు.

కార్నర్‌లకి ఈ జట్టు జోన్ పద్ధతా (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాయడం), మనిషికి మనిషా, దగ్గరి స్తంభం దగ్గర ఎవరు నిలబడతారు అన్నవి తప్పకుండా చూసుకోవాలి. గాలి ఎటు, సాయంత్రం ఎండ ఏ గోల్ మీద పడుతుంది, గోల్ ముందు గడ్డి అరిగి గట్టిపడిందా అన్నవి వార్మప్‌లో కనిపెట్టేవి.

ప్రశ్న: మూడో కీపర్ ఉద్యోగం హాయిగా ఉంటుందంటారు, నిజమేనా?

జీతం సంగతేమో గానీ ఒంటికి హాయి లేదు. షూటింగ్ ప్రాక్టీసులో గోల్‌లో నిలబడేది ఎక్కువగా మూడోవాడే. అక్కడ డిఫెండర్ ఉండడు. స్ట్రైకర్‌ పన్నెండు మీటర్ల నుంచి తీరిగ్గా గురి చూసుకుని కొడతాడు. అలాంటి బంతులు వారాల తరబడి ఎదుర్కొన్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది: షాట్ పడకముందే ఒక పక్క ఊహించి దూకేస్తాడు. అసలు మ్యాచ్‌లో ఆ అలవాటు బయటపడుతుంది. దీనికి మందు, షూటింగ్‌లో కనీసం సగం డిఫెండర్‌తో చేయించమని కోచ్‌ని అడగడం, ఆ తరవాత విడిగా ఇరవై నిమిషాలు క్రాస్‌లూ (పక్కల నుంచి గోల్ ముందుకి వచ్చే బంతులు), కాలితో పంపిణీ చేసే పనీ చేసుకోవడం.

అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదన్న మాటకి ఇంగ్లండ్ కీపర్ స్కాట్ కార్సన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2019లో మాంచెస్టర్ సిటీలో చేరి, 2021 మేలో న్యూకాసిల్ మీద గోల్ కాచాడు. ప్రీమియర్ లీగ్‌లో ఆయనకది దాదాపు పదేళ్ల తరవాతి మ్యాచ్. అందులో ఒక పెనాల్టీ ఆపాడు కూడా. తిరిగొచ్చిన బంతి మాత్రం లోపలికి పోయింది.

ప్రశ్న: గ్లౌజులు త్వరగా పాడవుతున్నాయి, ఎందుకు?

లేటెక్స్ పొడిబారడం వల్ల. మ్యాచ్‌కి ముందు అరచేయి తడిపి అదనపు నీరు పిండాలి. ఆట అయ్యాక గోరువెచ్చని నీళ్లలో కడిగి నీడలో ఆరవేయాలి. ఎండలో, హీటర్ మీద వద్దు. రెండు అరచేతులూ ఒకదానికొకటి అంటేలా మడిచి బ్యాగులో పెట్టొద్దు, అతుక్కుని పొరలు ఊడతాయి.

ప్రశ్న: కోచ్ కావాలంటే ఆట మానేశాక చదువుకోవాలా?

మానకముందే మొదలుపెట్టాలి. ముప్పై దాటగానే మొదటి కోర్సులో చేరినవాడు ఆట చివరికి వచ్చేసరికి చేతిలో కాగితంతో ఉంటాడు. యూరప్‌లో సాధారణ కోచింగ్‌కి యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) సి, బి, ఎ, ప్రో లైసెన్సులున్నాయి. గోల్‌కీపింగ్ కోచింగ్‌కి విడిగా గోల్‌కీపర్ బి, గోల్‌కీపర్ ఎ ఉన్నాయి. పై డివిజన్‌లో ప్రధాన కోచ్ కావాలంటే ప్రో కావాలి. కీపింగ్ లైసెన్సొక్కటే పట్టుకుంటే ఆ గదిలోనే ఉండిపోతారు. ప్రధాన కోచ్ ఆలోచన ఏ మూలో ఉన్నా రెండు దారులూ కలిపి నడవడం మేలు. ఇటలీ కీపర్ డినో జాఫ్ కోచ్‌గా 1990లో యువెంటస్‌కి యూఈఎఫ్‌ఏ కప్ గెలిపించారు. బెల్జియం కీపర్ రేమండ్ గోతాల్స్ 1993లో ఫ్రాన్స్ క్లబ్బు మార్సెయ్‌ని యూరప్ క్లబ్బుల విజేతని చేశారు. 2004లో పోర్చుగల్ క్లబ్బు పోర్టో ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు రిజర్వ్ కీపర్‌గా ఉన్న నూనో ఎస్పిరిటో శాంటో తరవాత ప్రీమియర్ లీగ్ జట్లని నడిపించారు. బెంచీ మీద గడిపిన ఏళ్లు వృథా కావన్నమాట. అక్కడి నుంచి ఆట మొత్తం కనిపిస్తుంది.

ప్రశ్న: బాగా ఆడిన కీపర్ కోచ్‌గా ఎక్కడ తప్పుతాడు?

ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, బంతులు తానే కొడతాడు, అదీ బలంగా. కుర్రాడు ఆపలేకపోతే మనం నేర్పింది సున్నా. మొదట పది మీటర్ల నుంచి చేత్తో దొర్లించి, ఆ తరవాత కాలితో, ఆ తరవాతే పద్నాలుగు, పదిహేను మీటర్ల నుంచి షాట్లు పెంచాలి. రెండోది, విశ్రాంతి ఇవ్వడు. ఊపిరాడకుండా పాతిక డైవులు చేయిస్తే చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, పదో డైవు దగ్గర్నుంచి కుర్రాడు నేర్చుకునేది అలసటలో తప్పుగా పడడం. ఆరు నుంచి ఎనిమిది డైవులు, ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా విరామం, మళ్లీ ఆరు. మ్యాచ్‌లో కీపర్‌కి వరసగా పాతిక షాట్లు ఎప్పుడొచ్చాయి?

మూడోది కష్టమైనది: తన చేయి తెలియకుండా చేసిన పనిని మాటల్లో పెట్టలేడు. "ముందుకు దూకు" అంటాడు, కుర్రాడికి అర్థం కాదు. ఉదాహరణకి, కుడివైపు కింద మూలకి వచ్చే బంతికి కుర్రాడు వెనక్కి పడుతున్నాడనుకోండి. చేతుల్ని చూడకండి, మడమల్ని చూడండి. షాట్ కొట్టే క్షణానికి బరువు మడమల మీద ఉంటే మొదటి అడుగు పక్కకో వెనక్కో పడుతుంది. దాంతో బంతిని గీత మీదో దాటాకో అందుకోవలసి వస్తుంది. కుర్రాడి కుడి పాదానికి ముందు, ఏటవాలుగా ఒక మీటరు దూరంలో ఒక కోన్ పెట్టండి. షాటు కొట్టేవాడి కాలు బంతికి తగిలే క్షణానికి కుర్రాడు రెండు పాదాల మీదా నిలిచి ఉండాలి, గాల్లో కాదు. అక్కణ్నించి కుడి అడుగు కోన్ వైపు, మోకాలి పక్క, తొడ, నడుము, భుజం ఆ వరసలో నేలకి తగలాలి. మోచేయి ముందు తగిలితే నొప్పికి భయపడి మళ్లీసారి వెనక్కే పడతాడు. పది బంతుల్లో ఏడు సరిగ్గా పడ్డాకనే దూరం పెంచండి.

ప్రశ్న: బంతి చేతిలో ఉంచుకునే కొత్త నిబంధనకి ఎలా సిద్ధం చేయాలి?

2025-26 సీజన్ నుంచి కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకి మించి ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ కిక్. చివరి ఐదు సెకన్లని రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో చూపిస్తాడు. పాత ఆరు సెకన్ల నియమం కాగితం మీదే ఉండేది. ఇది అలా కాదు. ప్రాక్టీసులో సహాయకుడి చేత పైకి లెక్క పెట్టించండి. బంతి పట్టగానే రెండు సెకన్లలో తల ఎత్తి దూరంగా చూడడం, తరవాత విసరాలా కొట్టాలా తేల్చుకోవడం అలవాటు చేయాలి. లీడ్‌లో ఉన్నప్పుడు బంతి మీద వాలి పడుకునే కీపర్లకే ఇది ఎక్కువ దెబ్బ.

ప్రశ్న: పెనాల్టీల కోసమే ఇంకో కీపర్‌ని దింపడం తెలివైన పనేనా?

సబ్‌స్టిట్యూషన్ మిగిలి ఉంటే. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ చివరి క్షణాల్లో యాస్పర్ సిలెసెన్‌ని తీసి టిమ్ క్రూల్‌ని దింపింది. క్రూల్ రెండు కిక్‌లు ఆపాడు. ఆ జట్టు గోల్‌కీపింగ్ కోచ్ ఫ్రాన్స్ హూక్ కూడా ఒకప్పటి కీపరే. సెమీఫైనల్లో అర్జెంటీనాతో షూటౌట్ వచ్చేసరికి మార్పులన్నీ అయిపోయాయి. సిలెసెనే నిలబడ్డాడు, నెదర్లాండ్స్ 4-2తో ఓడింది. ఈ ఎత్తు వేయదలచుకున్న కోచ్, ఎక్స్‌ట్రా టైమ్ మొదలయ్యేటప్పుడే ఒక మార్పుని పక్కన పెట్టుకోవాలి. ఆ కీపర్‌కి పది నిమిషాల ముందే చెప్పి వార్మప్ చేయించాలి. కిక్ పడే క్షణానికి కనీసం ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీదో, గీతకి సూటిగానో, దాని వెనకో ఉండాలని అప్పుడు గుర్తు చేయాలి.