ఇద్దరికీ కలిపి ఒక బల్ల

పోయిన నెల ఒక జవాబు మధ్యలో, మా ఆయనా నేనూ ప్రతి బుధవారం రాత్రి ఎనిమిది బల్లలున్న ఒక చిన్న హోటల్లో భోంచేస్తామని రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. ఈసారి మిగతా సంగతులు పక్కన పెట్టి, వాటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, పేరున్న పెద్ద రెస్టారెంట్ అయితేనే మావారికి నమ్మకం. ఎవరో సొంతంగా నడుపుకునే చిన్న హోటల్ అంటే, ‘శుభ్రం ఉండదు, రేపు కడుపు పాడైతే ఎవరు చూస్తారు’ అంటారు. నాకేమో పెద్దచోట్ల తింటుంటే పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. చిన్న హోటల్ మంచిదో కాదో ఆర్డర్ ఇచ్చేలోపు తెలుసుకోవడం ఎలా?

జవాబు: మీవారి భయాన్ని తీసిపారేయకండి. నాకు ఆ అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట ఒకచోట మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లి, ఎప్పుడో కలిపి ఉంచిన చల్లటి పదార్థం తిని, రెండు రోజులు మంచం దిగలేదు. అది అద్దాల తలుపులు, ఏసీ ఉన్న పెద్ద హోటలే. అప్పటినుంచి నేను గోడలూ కుర్చీలూ చూడటం తగ్గించి, వేడి చూడటం మొదలుపెట్టాను.

వండిన పదార్థం 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే అందులో క్రిములు జోరుగా పెరుగుతాయి. వేడిగా ఉంచాల్సింది 60కి పైన, చల్లగా ఉంచాల్సింది 5కి లోపల ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి పడి ఉన్నదాన్ని తినకపోవడం మంచిది. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గంటల తరబడి గిన్నెలో అలాగే వదిలేస్తే అవి పెరిగి విషాన్ని తయారు చేస్తాయి. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే ‘మళ్లీ వేడి చేసిచ్చాం కదా’ అంటే నేను ఒప్పుకోను. ఎప్పుడు వండారో అడుగుతాను. సిగ్గుపడాల్సిన పని లేదు. బాగా వండేవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషంగా జవాబు చెప్తారు.

మెనూ కూడా చాలా సంగతులు చెప్తుంది. రెండు పొయ్యిలు, ఒక వంటమనిషి ఉన్నచోట డెబ్బై రకాలు రాసి ఉంటే, అవన్నీ అప్పటికప్పుడు వండేవి కావని మనకే అర్థమవుతుంది. మేం వెళ్లే హోటల్లో మెనూ ఒక్క కాగితం, అదీ ఒకవైపే. అందులోనూ ఓనరు రోజూ రెండు మూడు వంటకాల పేర్లు కొట్టేసి ఉంచుతాడు, ‘ఇవాళ సరుకు బాగాలేదు’ అని. ఆ కొట్టివేతలు చూసే మా ఆయనకి ఆ హోటల్ మీద నమ్మకం కుదిరింది.

కూర్చున్నాక బల్ల తుడిచే గుడ్డ వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే లేచి వచ్చేయండి. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా? డబ్బు తీసుకున్న చెయ్యే వడ్డిస్తోందా? ఇవి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. మొదటిసారి మీవారిని బాగా జనం ఉండే వేళకి కాస్త ముందు తీసుకెళ్లండి. అప్పుడు గిన్నెలు వేగంగా ఖాళీ అవుతుంటాయి, కొత్తగా వండుతుంటారు. పచ్చిగా తరిగి ఉంచినవీ, బల్ల మీద రోజంతా మూత లేకుండా ఉన్నవీ వదిలేసి, పొగలు కక్కుతూ వచ్చేదే తినండి. ఇదంతా ఆయనకి పాఠంలా చెప్పకండి. పొయ్యి కనిపించేలా కూర్చోబెడితే చాలు.

ప్రశ్న: పెళ్లై పద్నాలుగేళ్లు. వారానికోసారి ఇద్దరం బయట తింటాం. ఆర్డర్ ఇచ్చేదాకా బాగానే ఉంటుంది. తర్వాత ఏం మాట్లాడాలో తెలీదు. పిల్లల చదువు, లోన్, మళ్లీ పిల్లల చదువు. ఐదు నిమిషాల్లో చెరో ఫోన్. ఈమాత్రం దానికి బయటికి వెళ్లడం దండగ కదా?

జవాబు: దండగ కాదు. మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇలాంటి రోజులు నడిచాయి.

ముందు ఫోన్ సంగతి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు స్నేహితులతోనో ఇంటివాళ్లతోనో కలిసి భోంచేస్తున్న 300 మందికి పైగా మనుషుల్ని పరిశీలించి, 2018లో ఆ ఫలితాలు ప్రచురించారు. కొందరిని ఫోన్ బల్ల మీదే ఉంచుకోమన్నారు, కొందరిని పక్కన పెట్టేయమన్నారు. ఫోన్ ఎదురుగా ఉన్నవాళ్ల ధ్యాస ఎక్కువ చెదిరింది, భోజనం వేళ సంతోషం కొంచెం తగ్గింది. తేడా మరీ పెద్దదేం కాదు. కానీ వారానికి దొరికేదే ఒక గంట అయితే, ఆ కొంచెం కూడా వదులుకోవాలని నాకు అనిపించదు. మేం రెండు ఫోన్లూ నా సంచీలో అడుగున పడేస్తాం. పిల్లలకి హోటల్ నంబరు ఇచ్చాం.

ఫోన్ తీసేశాక వచ్చే ఖాళీ ఉంది చూశారూ, అదే కష్టం. మొదటి నెలంతా మేమూ మీలాగే నీళ్లు తాగుతూ కూర్చున్నాం. ఒక బుధవారం మాకు వంటగది కిటికీ ఎదురుగా ఉన్న బల్ల దొరికింది. లోపల పెద్దావిడ ఒకరు, ఓనరు తల్లి, పెనంలో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. కలిపిన ప్రతిసారీ గరిటెని పెనం అంచుకేసి టక్ టక్ అని రెండుసార్లు కొట్టి దులుపుతున్నారు. మా ఆయన తినడం ఆపేసి అటే చూస్తున్నారు. ‘మా అమ్మ ఇలాగే రెండుసార్లు కొట్టేది. స్కూలు నుంచి వస్తూ వీధిలో ఆ చప్పుడు వినబడితే, అమ్మకి ఇవాళ ఒంట్లో బాగుందన్నమాట అనుకునేవాణ్ణి’ అన్నారు. ఆయన తల్లి పోయేనాటికి ఆయనకి పదకొండేళ్లు. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో ఆవిడ జబ్బు గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఆ రాత్రి కుర్చీలు ఎత్తి బల్లల మీద పెట్టేదాకా మాట్లాడుకున్నాం.

ఇంట్లో అయితే ఆ పెనం దగ్గర నేనుంటాను, ఆయన హాల్లో ఉంటారు. ఇద్దరం ఒకేవైపు చూస్తూ తీరిగ్గా కూర్చోవడం మాకు హోటల్లోనే కుదిరింది. అందుకే మీకు చెప్పేదేమిటంటే, ఎదురెదురుగా కూర్చుని సంభాషణ వెతుక్కోకండి. ఒకే పక్కన కూర్చోండి, లేదా మూల మీద ఎల్ ఆకారంలో కూర్చోండి. వంటగదో వీధో ఇద్దరికీ కనిపించాలి. కళ్లకి పని దొరికితే నోటికి మాట అదే వస్తుంది. మాట రాకపోయినా కంగారు పడకండి. కలిసి ఊరికే కూర్చోవడం కూడా మీకు దొరకాల్సిందే.

ఈ మాట రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ‘రెస్టారెంట్’ అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, మొదట్లో దాని అర్థం ఒంటికి సత్తువనిచ్చే పులుసునీరు. ఆ పేరుతో భోజనశాలలు రాకముందు ఐరోపా సత్రాల్లో ఒకే పొడవాటి బల్ల, ఒకే వేళ, పెట్టిందే తినాలి, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లతోనే. 1760ల తర్వాత పారిస్‌లో విడివిడి చిన్న బల్లలు వచ్చాయి, ఎప్పుడొచ్చినా కావలసింది అడిగి తినే వీలు వచ్చింది. నాకు అందులో రుచుల సంగతి కన్నా ఆ విడి బల్ల సంగతే ఎక్కువ నచ్చుతుంది.

ప్రశ్న: నేను వెళ్లిన చోటికే వెళ్దామంటాను, మా ఆవిడ ప్రతిసారీ కొత్తది కావాలంటుంది. ఎవరిది సరైన పద్ధతి?

జవాబు: మీ ఆవిడ పక్షాన ఒక పరిశోధన ఉంది. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని జంటల మణికట్టులు, చీలమండలు కలిపి కట్టి, చాపల మీద పాకుతూ ఒక దిండుని చేతులతో ముట్టకుండా ఇద్దరి మధ్యా పట్టుకుని తీసుకెళ్లమన్నారు. మామూలు పని చేసిన జంటల కన్నా ఈ వింత పని చేసినవాళ్లు తమ బంధం గురించి ఎక్కువ తృప్తి చెప్పారు. కొత్తదనం కలిసి అనుభవిస్తే మేలు చేస్తుందన్నమాట.

అయినా నేను మీవైపే కాస్త మొగ్గుతాను. చిన్న హోటల్ అసలు రుచి నాలుగోసారి నుంచే తెలుస్తుంది. అప్పటికి వంటమనిషికి మీ కారం తెలుస్తుంది, ‘ఇవాళ అది వద్దు, ఇది తినండి’ అని చెప్పే చనువు వస్తుంది. కాబట్టి హోటల్ పాతదే ఉంచి, వంటకం కొత్తది అడగండి. ఇద్దరూ ఎప్పుడూ తిననిది ఒకటి చెప్పి సగం సగం పంచుకోండి. ఆవిడ కోసం నెలకోసారి పూర్తిగా కొత్త చోటికి వెళ్లండి, ఆ రోజు మొహం ముడుచుకోకండి.

ప్రశ్న: అమ్మా, మావారికి అరవై ఎనిమిది. చిన్న హోటల్‌కి వెళ్తే నేనన్నది ఒకటి, ఆయన విన్నది ఇంకొకటి. గట్టిగా చెప్తే ‘ఎందుకలా అరుస్తావ్’ అని విసుక్కుంటారు. చివరికి గొడవే. మానేద్దామా?

జవాబు: మానకండమ్మా. ఇది చెవి సమస్య, మీ ఇద్దరి మధ్య సమస్య కాదు. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి, పదునైన ధ్వనులు వినే శక్తి. స, త, ప, క లాంటి హల్లులు సరిగ్గా అందవు, అచ్చులు బాగానే అందుతాయి. అందుకే ‘సారు’ అంటే ‘కారు’ అని వినిపిస్తుంది. మనిషి వినట్లేదని మనం అనుకుంటాం. దానికి తోడు మామూలు మాట 60 డెసిబెల్స్ ఉంటే, రద్దీగా ఉన్న హోటల్లో చప్పుడు 75, 80 కూడా దాటుతుంది. చుట్టూ చప్పుడు పెరిగే కొద్దీ మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు గుర్తించిన సంగతి ఇది. ఒక బల్ల వాళ్లు గొంతు పెంచితే పక్క బల్ల వాళ్లూ పెంచుతారు, అలా హాలంతా అరుపులే.

జనం రాకముందే వెళ్లండి. మూల బల్ల అడగండి. మీ మొహం మీద వెలుతురు పడేలా కూర్చోండి, పెదాలు కనబడితే సగం మాట అర్థమవుతుంది. ఒక చెవి మెరుగ్గా ఉంటే అటువైపు కూర్చోండి. ఆయన వినికిడి యంత్రం వాడుతుంటే, చాలా యంత్రాలు ఎదుటి మాటని ఎక్కువగా పట్టుకునేలా చేసినవే కాబట్టి, చప్పుడంతా ఆయన వీపు వెనక ఉండేలా చూడండి. పాట పెట్టి ఉంటే తగ్గించమని అడగండి. చిన్న హోటల్లో ఆ మాట నేరుగా ఓనరుకే చెప్పొచ్చు, వెంటనే తగ్గిస్తారు. ఇంకా వినికిడి పరీక్ష చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి.

ప్రశ్న: మావారు ఎప్పుడూ చిన్న హోటల్‌కే తీసుకెళ్తారు. నా మీద ఖర్చు పెట్టడం ఇష్టం లేదనుకోవాలా?

జవాబు: పోయిన మూడుసార్లూ ఎక్కడికి వెళ్లాలో ఎవరు చెప్పారో గుర్తు చేసుకోండి. మూడుసార్లూ ఆయనే చెప్పి ఉంటే మీ బాధ ఖర్చు గురించి కాదు, మిమ్మల్ని అడగలేదని. ఆ మాటే ఆయనతో చెప్పండి. ఈసారి చోటు మీరు చెప్పండి.

ప్రశ్న: నేనూ మావారూ కలిసి చిన్న హోటల్ నడుపుతున్నాం. తొమ్మిదేళ్లయింది. వంట నాది, కౌంటర్ ఆయనది. వారాంతంలో జంటలు వచ్చి కబుర్లు చెప్పుకుంటూ తింటుంటే కిటికీలోంచి చూస్తుంటాను. మేమిద్దరం కలిసి కూర్చుని తిన్నది ఎప్పుడో గుర్తులేదు. నేను గిన్నెలోంచే నిలబడి తింటాను, ఆయన బేరం తగ్గాక తింటారు. సెలవు రోజున వేరేచోటికి వెళ్లినా ఆయన కళ్లు అక్కడి గల్లాపెట్టె మీదే. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక మొన్న బుధవారం నేను నేరుగా మా హోటల్ వంటగది కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ పెద్దావిడని ‘మీరు తిన్నారా’ అని అడిగాను. అన్నేళ్లుగా వెళ్తున్నా అడగలేదు. ఆవిడ నవ్వి, ‘తెరవకముందే తినేస్తాం, అందరం కూర్చుని’ అన్నారు. చాలా దేశాల వంటగదుల్లో ఆ పద్ధతి ఉంది. బేరం మొదలవకముందే పనివాళ్లంతా కూర్చుని వేడిగా తినేస్తారు. ఆకలితో నిలబడి వండే చేతికి ఉప్పు అంచనా కూడా తప్పుతుంది, అది మీకే బాగా తెలుసు.

మీరూ తెరవడానికి ముప్పావుగంట ముందు వంట ఒక కొలిక్కి తెచ్చి పొయ్యి తగ్గించండి. ముందు వారానికి రెండు రోజులు చేసి చూడండి. పళ్లాలు మీ గిన్నెల పక్కన కాదు, బయట కస్టమర్లు కూర్చునే బల్ల మీద పెట్టించండి. మీ దగ్గర పనిచేసే కుర్రాణ్ణి వడ్డించమనండి, మీరు లేవకండి. ఏం తింటారో అతనితో అడిగించుకోండి, మీరు చెప్పండి. సెలవు రోజున బయటికి వెళ్లినప్పుడు ఆయన గల్లాపెట్టె చూస్తే చూడనివ్వండి, మీరూ వాళ్ల వంటగది చూడండి, ఇద్దరూ ఏం గమనించారో చెప్పుకోండి. తొమ్మిదేళ్ల పని మీ ఇద్దరిదీ కదా, దాని గురించి మీకన్నా బాగా మాట్లాడుకోగలిగినవాళ్లు ఎవరున్నారు?

మీ సొంత హోటల్లో మాత్రం కౌంటర్‌కి దూరంగా ఉన్న మూల బల్ల ఎంచుకోండి. కౌంటర్ వైపు వీపు పెట్టి ఆయన కూర్చోవాలి. వంటగది వైపు వీపు పెట్టి మీరు కూర్చోవాలి. పార్సిల్ కోసం ఎవరైనా ముందే వచ్చి షట్టర్ తడితే, ఆ కుర్రాడు వెళ్లి పలుకుతాడు.