ఎన్నారై సందేహాలు: వేగాస్‌లో సీక్వెన్స్ కంటే కలరే పెద్దది

తిరుపతిలో దిగి నాలుగు రోజులు కాలేదు, బైరాగిపట్టెడలో మా ఇంటి వాకిట్లో సందేహాల దర్బారు మొదలైంది. వీసా స్టాంపింగు గురించి, క్రెడిట్ స్కోరు గురించి అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళే. ఈసారి పక్కింటి పిల్లోడొకడు వచ్చినాడు. డల్లాస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది వాడికి. మా అమ్మ లోపలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగినాడు.

"మామా, థాంక్స్‌గివింగు సెలవులకు అయిదుగురం వేగాస్ పోతా ఉండాం. పోకర్ ఆడల్లని. ఏ క్యాసినో మంచిది?"

ఇదే ప్రశ్న ఇంతకుముందు కూడా ముగ్గురు నలుగురు అడిగినారు కాబట్టి వాడికి చెప్పింది అందరికీ పనికొచ్చేట్టు రాస్తున్నాను. ముందే ఒక మాట. నేను లాస్ ఏంజెలెస్ పక్కన ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాణ్ణి, వేగాస్ కారులో నాలుగు గంటల దూరం, అంతే. ఆటలో మొనగాణ్ణి కాను. నా పద్దు పుస్తకంలో పోయిన కాలమ్ వచ్చిన కాలమ్ కంటే పొడుగు.

ఏ క్యాసినో అని కాదు, ఏ టేబుల్ అని అడగాలి. రూలెట్, బ్లాక్‌జాక్ ఆడితే ఎదుటివాడు క్యాసినోనే. పోకర్‌లో క్యాసినోకు మన ముక్కలతో పని లేదు. టేబుల్ వేసి, ముక్కలు పంచి, ప్రతి కుండ (అందరి పందేలూ పోగైన సొమ్ము) నుంచి తన వాటా లాక్కుంటుంది. దాన్ని రేక్ అంటారు. చిన్న ఆటల్లో మామూలుగా కుండలో పది శాతం, అయిదు డాలర్లు దాటకుండా. చాలా చోట్ల జాక్‌పాట్ పేరుతో ఇంకో డాలరో రెండో. గంటకు 30 హ్యాండ్లు (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక హ్యాండ్) పంచారనుకో, సగటున ఒక్కోదానికి నాలుగు డాలర్లు పోయినా 120. తొమ్మిది మంది పంచుకుంటే మనిషికి గంటకు 13 డాలర్లకు పైనే. గెలిచినప్పుడు డీలరుకు ఇచ్చే డాలరు దీనికి అదనం. అంటే ఎనిమిది గంటలు కూర్చుంటే వంద డాలర్ల పైన బాడుగ కట్టినట్టే. ఆ బాడుగ మనకంటే తక్కువ తెలిసినవాళ్ళ నుంచి రావాలి. మిగతా ఎనిమిది మందీ మనకంటే బాగా ఆడేవాళ్ళయితే అది మన జేబులోంచే వస్తుంది.

అందుకే పేరు చూసి పోకర్ గది ఎంచుకోవద్దు. బెల్లాజియో, ఏరియా, విన్ వాళ్ళ ఎన్‌కోర్‌లో ఉండే గది, ఇవన్నీ చూడటానికి కళ్ళు చెదిరేవే. ఒకసారి లోపలికి పోయి చూడండి, తప్పు లేదు. కానీ అక్కడ బ్రతుకుతెరువుకు ఆడేవాళ్ళు ఎక్కువ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందర చిప్పుల (డబ్బుకు బదులు వాడే బిళ్ళల) గోపురాలు, ముఖంలో ఏ భావమూ ఉండదు. నేనైతే మొదటిసారి వచ్చినవాణ్ణి డౌన్‌టౌన్‌లో గోల్డెన్ నగెట్‌కో, పెద్ద క్యాసినోలు వరసగా ఉండే స్ట్రిప్ రోడ్డు మీదయినా యాత్రికుల సందడి ఎక్కువున్న ఎంజీఎం గ్రాండ్ లాంటి చోటికో పంపుతాను. స్ట్రిప్‌కు దూరంగా ఓర్లీన్స్, సౌత్ పాయింట్ ఉన్నాయి. అక్కడ ఊరి పెద్దాయనలు కూర్చుంటారు, మన గాంధీ రోడ్డు అరుగుల మీద పేపరు చదివేవాళ్ళలాగ. మర్యాదస్తులు. కాకపోతే మంచి ముక్కలుంటే తప్ప పైసా కదిలించరు. వాళ్ళు పెంచినారంటే నువ్వు చేతిలోది పడేయడమే.

గదిలోకి పోగానే కూర్చోవద్దు, పది నిమిషాలు నిలబడి చూడు. నవ్వులు, కబుర్లు, ప్రతి కుండలోనూ నలుగురైదుగురు ఉంటే అది మంచి టేబుల్. ఇద్దరే తలపడుతూ మిగతావాళ్ళు మౌనంగా ఉంటే పక్క టేబుల్ చూసుకో. శుక్ర, శనివారాల రాత్రుళ్ళు సరదాకు వచ్చినవాళ్ళు ఎక్కువ, కాబట్టి ఆట సులువు. హోటల్ గది అద్దె మాత్రం ఆ రాత్రుళ్ళే మండిపోతుంది, పైగా వెబ్‌సైట్లో 2025 మే దాకా ముందు కనిపించకుండా ఉండిన రిసార్టు ఫీజు ఒకటి. అయిదుగురు కదా, రెండు గదులు పంచుకుంటారు, సర్దుకోండి. మే ఆఖరు నుంచి జులై సగం దాకా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద పోటీలు జరుగుతాయి. అవి 1970లో బినియన్స్ హార్స్‌షూలో మొదలై, 2005 నుంచి 2021 దాకా రియోలో జరిగి, 2022 నుంచి స్ట్రిప్ మీద హార్స్‌షూ, ప్యారిస్ హోటళ్ళకు చేరినాయి. ఆ రోజుల్లో ప్రపంచంలోని మొనగాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు. తీర్థం చూసినట్టు చూసి రావచ్చు.

కుర్చీ ఎలా దొరుకుతుందని అడిగినాడు వాడు. సర్వదర్శనం టోకెన్ లాగే అబ్బీ. కౌంటర్లో పేరు, ఏ ఆట కావాలో చెప్తే జాబితాలో ఎక్కిస్తారు, కొన్ని గదులకు ఫోన్ యాప్‌లోనే పేరు ఇవ్వొచ్చు. పిలిచినప్పుడు లేకపోతే పేరు కొట్టేస్తారు, అక్కడ సిఫారసు లేఖలు చెల్లవు. అడగాల్సిన ఆట ఒకటి-మూడు నో-లిమిట్ హోల్డెమ్. అందులో చేతికి రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి అయిదు. వంద నుంచి మూడొందల డాలర్లతో కూర్చోవచ్చు, కొన్ని చోట్ల అయిదొందల దాకా. 21 ఏళ్ళు నిండి ఉండాలి, గుర్తింపు కార్డు అసలుది దగ్గరుండాలి.

ఇప్పుడు శీర్షిక సంగతి. మనవాళ్ళందరికీ పోకర్ ముందు వచ్చేది మూడు ముక్కలాట. దీపావళికి మేడ మీద, పెళ్ళి విడిదిలో, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో. రమ్మీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది నేర్పుతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే అని మా చిన్నాయన ఈనాటికీ వాదిస్తాడు. ఆ అనుభవంతోనే నేను మొదటిసారి వేగాస్ పోయినప్పుడు చేతికి సీక్వెన్స్ వచ్చింది. ఏడు నుంచి జాకీ దాకా. టేబుల్ మీద మూడు ఇస్పేట్లు పడి ఉన్నాయి, నేను చూడనన్నా చూడలేదు. ఉన్నదంతా తోసేసినాను. ఎదురుగా టోపీ పెట్టుకున్న ముసలాయన రెండు ఇస్పేట్లు తిప్పి చూపించినాడు. కలరే కదా, అన్నీ ఒకే గుర్తు ముక్కలే కదా అని నేను రెండు చేతులూ చాచి కుండ దగ్గరకు లాక్కోబోయినాను. డీలరు నా చేతిని మెల్లగా పక్కకు నెట్టినాడు. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ పెద్దది, కలర్ చిన్నది. పోకర్‌లో తిరగబడుతుంది, కలర్ మీద సీక్వెన్స్ ఓడిపోతుంది. ఆ ముసలాయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. నవ్వలేదు పాపం.

బ్లైండ్ అన్న మాట కూడా అలాంటిదే. మన ఆటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. అక్కడ బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందెం, ఒకటి-మూడు ఆటలో ఒక డాలరు, మూడు డాలర్లు. 'షో' అడిగే పద్ధతి కూడా లేదు. ఆఖరి పందెం అయ్యాక ముక్కలు తిప్పాలి. కుండ నీ వైపు తోసేదాకా నీ ముక్కల మీద చెయ్యి తియ్యొద్దు. గెలిచినానులే అని బోర్లా పడేస్తే, అవి డీలరు కుప్పలో కలిస్తే, నీ దగ్గర నాలుగు ఆసులున్నా చచ్చిపోయినట్టే.

అన్నిటికంటే మనకు అలవాటు కానిది భాష. హ్యాండ్ నడుస్తున్నప్పుడు టేబుల్ మీద ఇంగ్లీషే మాట్లాడాలి. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని "రేయ్, వాడి దగ్గర ఏముంటుంది రా?" అన్నా డీలరు హెచ్చరిస్తాడు, రెండోసారి లేపేస్తారు. తెలుగులో అన్నది తిట్టో, సైగో వాళ్ళకు తెలీదు కదా. అందుకే అయిదుగురూ ఒకే టేబుల్‌కు పోవద్దని చెప్తాను. పోయినా, స్నేహితుడు కదా అని వాడి మీద మెత్తగా ఆడకూడదు. మూడోవాడిని మధ్యలో పెట్టి ఇద్దరూ పెంచుకుంటూ పోవడం పూర్తిగా మోసం కిందికే వస్తుంది, బయటికి పంపి మళ్ళీ రానివ్వరు. ఒకరికొకరు డబ్బు తగ్గించుకుని ఆడినా, అది మీకు మంచితనం, ఎదుటివాడికి కుట్ర.

పందెం పెంచాలంటే నోటితో చెప్పు, అదే కట్టుబాటు. "మీ ఇరవై, దాని మీద నా నలభై" అని సినిమా ఫక్కీలో రెండు విడతలుగా చిప్పులు తోస్తే మొదటి విడతే చెల్లుతుంది. ఏమీ మాట్లాడకుండా ఒకే ఒక పెద్ద చిప్పు వేస్తే అది పెంచినట్టు కాదు, సరిపెట్టినట్టు. హ్యాండ్ మధ్యలో జేబులోంచి నోటు తీయకూడదు, టేబుల్ మీద ఉన్నంతే నీ ఆస్తి. గెలిచిన చిప్పుల్లో సగం జేబులో వేసుకుని మిగతాదానితో ఆడతానంటే కుదరదు, లేచి పోవాల్సిందే. ఉచితంగా పోసే మందు గురించి ఒకటే చెప్తాను. తెచ్చిచ్చిన అమ్మాయికి డాలరు ఇవ్వడం మర్యాద, తాగడం నీ ఇష్టం. శనివారం తాగనని మొక్కుకున్న మా స్నేహితుడొకడు శనివారాల రాత్రే బాగా గెలిచేవాడు. అది ఏడుకొండలవాడి దయ అని వాడంటాడు, కాఫీ దయ అని నేనంటాను.

డబ్బు సంగతికి వస్తే నా కథ చెప్పక తప్పదు. రెండో ప్రయాణంలో తెచ్చింది అయిపోయి, క్రెడిట్ కార్డు పెట్టి ఎనిమిదొందల డాలర్లు నగదు తీసినాను. కార్డుతో సామాను కొంటే నెల గడువుంటుంది. నగదు తీస్తే ఫీజు వెంటనే, వడ్డీ ఆ రోజు నుంచే. ఎనిమిదొందలూ తెల్లారేలోపు పోయినాయి. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నోరు జారి ఆ మాట చెప్పినాను. అమ్మ ఏమీ అనలేదు. మరుసటి రోజు పొద్దున్నే కారు మాట్లాడి చిత్తూరు దారి పట్టించింది, కాణిపాకానికి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి కాణిపాకం ఎందుకు తీసుకుపోతారో చెప్పక్కర్లేదు. వరసిద్ధి వినాయకుడి ముందు చేసిన ప్రమాణం తప్పరు. దారి పొడుగునా నేను బేరమాడినాను. పూర్తిగా మానేస్తానని చేయలేనమ్మా, అబద్ధ ప్రమాణం ఇంకా పాపం అని. చివరికి కుదిరింది ఇదీ: అప్పు తెచ్చి ఆడను, ఇంట్లో చెప్పకుండా ఆడను, కవర్లలో పెట్టుకుపోయిందంతా అయిపోతే ఆ ప్రయాణానికి అంతే. ఇప్పటికీ నాలుగు రోజులు పోతే నాలుగు కవర్లు, ఒక్కోదాంట్లో మూడొందలు. కార్డులు గదిలోని లాకర్లో. కవరు అయిపోయిన రాత్రి ఫౌంటెన్లు చూసుకుంటూ స్ట్రిప్ మీద నడుస్తాను, ఈపాటికి నాకు అక్కడి నీళ్ళ పాటలన్నీ కంఠతా వచ్చేసినాయి.

గెలిస్తే పన్ను ఉందా అంటే ఉంది. హెచ్‌-1 మీద పనిచేస్తూ 183 రోజుల లెక్క దాటినవాళ్ళు పన్ను దృష్టిలో అక్కడివాళ్ళే. గెలిచింది రిటర్నులో చూపించాలి. పోయింది గెలిచినంత వరకూ తగ్గించుకోవచ్చు, అదీ ఖర్చులన్నీ విడివిడిగా రాసుకునేవాళ్ళకే. 2026 నుంచి పోయినదాంట్లో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. అందుకే పద్దు పుస్తకం పెట్టమనేది: తేదీ, ఊరు, గది, ఎంతతో కూర్చున్నావు, ఎంతతో లేచినావు. చదువుకునే వీసా మీద ఉన్నవాళ్ళు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో బయటివాళ్ళే. వాళ్ళు టోర్నమెంటులో పెద్ద బహుమతి కొడితే 30 శాతం అక్కడే పట్టుకుని ఇస్తారు, పోయిన డబ్బు చూపి తగ్గించుకునే వీలు లేదు. కొన్ని దేశాలవాళ్ళకు ఒప్పందం ప్రకారం మినహాయింపు ఉంది, మనకు లేదు.

వాడు ఇదంతా ఫోన్లో రాసుకుంటుంటే మా అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

"ఏంది రా ఇంతసేపు గుసగుసలు?"

"పన్నుల గురించి అవ్వా," అన్నాడు వాడు, ఫోను బోర్లా పెట్టి.