బుడాపెస్ట్‌లో గదులు సర్దుతున్నానని నాన్నకు ఎలా చెప్పను?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లా. నాన్న మిర్చి రైతు. నేను బుడాపెస్ట్‌లో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బ్యాంకు రుణం చాలక నాన్న బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెచ్చారు. ఇక్కడ వారానికి అయిదు రోజులు ఉదయం ఏడు నుంచి పన్నెండు వరకు ఒక హోటల్లో గదులు సర్దుతాను. ఈ పని విద్యార్థి సహకార సంఘం (ఇక్కడ విద్యార్థులకు పనులు ఇప్పించే సంస్థ) ద్వారా వచ్చింది. నాలుగు సాయంత్రాలు ఒక రెస్టారెంట్ వంటింట్లో ఆరు నుంచి రాత్రి పదకొండున్నర దాకా గిన్నెలు తోముతాను. దానికి కాగితాలేమీ లేవు, డబ్బు చేతికిస్తారు. హోటల్ జీతంతో నా గది అద్దె, తిండి గడుస్తాయి. సాయంత్రం సంపాదన నెలకు పాతిక వేలు ఇంటికి పంపుతున్నాను. ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నానని చెప్పాను. అది నమ్మి అమ్మ నా పెళ్లికోసం నెలకు పది వేల చీటీ మొదలుపెట్టింది. సంబంధాలు కూడా చూస్తున్నారు. జనవరి పరీక్షల్లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతీ చెప్పలేదు. మొన్న రాత్రి ఆరో నంబరు ట్రాములో నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటి చివరి స్టాపులో లేచాను. ఒక్కోసారి అసలు లేవకపోతేనే బాగుండేది అనిపిస్తోంది. జులైలో పిన్ని కొడుకు యూరప్ వస్తూ నన్ను చూస్తానంటున్నాడు. నాకు భయంగా ఉంది.

సలహా: అమ్మా, నీ ఉత్తరంలో చివరికి దగ్గరగా రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. లేవకపోతేనే బాగుండేది అన్న మాట. అప్పు, పరీక్షలు, చీటీ అన్నీ దాని తర్వాతే. ఈ వారంలోనే మీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోసం ఉండే మానసిక నిపుణులను కలువు. హంగరీలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ సదుపాయం ఉంటుంది, విదేశీ విద్యార్థులతో ఇంగ్లిషులో మాట్లాడతారు. ఎవరిని కలవాలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెబుతారు. గదిలో నీతో ఉండే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పు. ఎప్పుడైనా ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే ఒంటరిగా ఉండకు, ఆమెను నిద్రలేపు, 112కు ఫోను చెయ్యి. మొహమాటపడే సందర్భం కాదది.

రాత్రి ఏ ఒంటి గంటకో పడుకుని మళ్లీ ఆరింటికల్లా బయలుదేరే మనిషికి లోకం చీకటిగా కనిపించడం సహజం. పైగా అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. ఆ చలికాలం మొత్తం నువ్వు ఎండ మొహం సరిగా చూసి ఉండవు. నిన్ను నువ్వు బలహీనురాలివని అనుకుంటున్నావు కానీ, నాకు కనిపిస్తున్నది నిద్రలేక అలసిపోయిన పిల్ల.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. ఇందులోనే నీ చిక్కుముడి ఉంది. ఆరు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు పన్నెండు వేలు. చీటీ పది వేలు. నువ్వు పంపే పాతిక వేలలో ఈ రెండింటికే ఇరవై రెండు వేలు పోతున్నాయి. ఆ చీటీ ఎందుకు మొదలైంది? కూతురికి కంపెనీ జీతం వస్తోందని మీ అమ్మ నమ్మింది కాబట్టి. హోటల్లో గదులు సర్దుతున్నావని తెలిస్తే ఆమె ఆ చీటీ కట్టేది కాదు. అంటే వారంలో ఒకటి రెండు సాయంత్రాలు నువ్వు గిన్నెలు తోముతున్నది అప్పు కోసం కూడా కాదు, నువ్వు చెప్పిన మాటను నిలబెట్టడం కోసం. నువ్వు అడగని పెళ్లి కోసం నీ నిద్ర అమ్ముకుంటున్నావు. నిజం చెబితే ఏం పోతుందో అని భయపడుతున్నావు. చెప్పకపోవడం వల్ల నెలనెలా ఎంత పోతోందో కూడా ఒకసారి లెక్క వేసుకో.

ఆ సాయంత్రం పని మానెయ్యి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. నీకు ఇచ్చిన నివాస అనుమతి చదువు కోసం. సెమిస్టర్ జరిగే రోజుల్లో వారానికి ఇన్ని గంటలకు మించి పని చేయకూడదని దానికి షరతు ఉంది. నువ్వు చేస్తున్న నలభై ఏడు గంటలు ఆ హద్దుకు చాలా పైన. అందులో సగం దాకా కాగితం లేని పని. తనిఖీలో బయటపడితే రేపు అనుమతి పొడిగింపుకు వెళ్లినప్పుడు చిక్కు వస్తుంది. ఆ యజమాని ఒక నెల డబ్బు ఎగ్గొడితే అడగడానికి నీ చేతిలో ఆధారం ఉండదు. వేడినీళ్లకు చెయ్యి కాలినా నీ ఖర్చే. హోటల్ పని అలా కాదు, సహకార సంఘం ఒప్పందం ఉంది, లెక్క ఉంది. అది ఉంచుకో. వేసవి సెలవుల్లో ఎక్కువ గంటలు చేసుకోవడానికి నిబంధనల్లోనే వీలుంది. కాస్తో కూస్తో వెనకేసుకోవాలంటే అప్పుడు చెయ్యి.

నాన్నతో ఎలా మాట్లాడాలని అడిగావు. ముందు నాన్నతోనే మాట్లాడు, అమ్మతో తర్వాత. మిర్చి కోతల కాలం కాబట్టి పగలు ఆయన చేలో ఉంటారు. ఇంట్లో రాత్రి ఎనిమిది అయ్యేసరికి నీకు మధ్యాహ్నం మూడున్నర. క్లాసు లేని రోజు చూసి, తొందరలేని సమయంలో, ఆయన మొహం కనిపించేలా వీడియో కాల్ చెయ్యి. బస్టాపులో నిలబడి కాదు. మొదట పరీక్షల సంగతి చెప్పు. 'నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి, మళ్లీ రాస్తాను. ఎందుకు పోయాయో చెబుతాను, మధ్యలో ఆపకుండా వినండి' అని మొదలుపెట్టు. తర్వాత హోటల్ పని, ఆ తర్వాత డబ్బు. ఏడుపు వస్తే రానివ్వు. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగితే, మీకు తలవంపులు అవుతుందని భయపడ్డానని ఉన్నదున్నట్టు చెప్పు.

తలవంపులు అన్న మాట మీద ఒకటి అడుగుతాను. మీ నాన్న కోతల రోజుల్లో గట్టు మీద నిలబడి చూస్తారా, కూలీలతో పాటు వంగి కాయ కోస్తారా? కళ్లంలో ఆరబెట్టిన మిరపకాయల మధ్య, ఘాటుకు తుమ్ముతూ, తాలు కాయ వేరు చేసే మనిషికి చేతి పని అంటే ఏమిటో కొత్తగా చెప్పాలా? పరుపు మీద దుప్పటి ముడత లేకుండా లాగి, స్నానాల గది అద్దం తుడిచి, గంటకు ఇన్ని గదులని సర్దే పని కష్టమైనది, గౌరవమైనది. ఆయనకు బాధ కలిగితే అది పని గురించి అయి ఉండదు. ఇన్నాళ్లూ కూతురు తనకు చెప్పుకోలేకపోయిందే అని అయి ఉంటుంది. ఆ బాధకు నువ్వు క్షమాపణ అడగాలి, అడుగు.

రెండు మూడు రోజులు ఆయన మాట్లాడకపోవచ్చు. అమ్మ పరువు పోయిందని ఏడవవచ్చు, నలుగురికీ ఏం చెప్పాలంటుంది. ఆ ఏడుపు చూసి మళ్లీ డబ్బు పంపి సర్దుబాటు చేయాలని చూడకు. నెల రోజుల్లో ఆమె నీ నిద్ర గురించి అడగడం మొదలుపెడుతుంది. తల్లులు అంతే.

నాన్న వినే స్థితికి వచ్చాక అప్పు మీద కూర్చోండి. బ్యాంకు విద్యారుణానికి మామూలుగా చదువు పూర్తయ్యేదాకా, ఆ తర్వాత మరికొంత కాలం వాయిదాలు మొదలు కావు కాబట్టి ఇప్పుడు దాని గురించి బెంగ వద్దు. పీక నొక్కుతున్నది బయటి అప్పు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెడితే వడ్డీ నూటికి రూపాయికి అటూఇటుగా పడుతుంది. ఆ డబ్బుతో రెండు రూపాయల అప్పులో ఎంత తీరిస్తే దాని మీద వడ్డీ దాదాపు సగమవుతుంది. బీరువాలో బంగారం పెట్టుకుని బయట రెండు రూపాయలు కట్టే ఇళ్లు మన దగ్గర ఎన్నో. చీటీ ఇంకా పాడుకోకపోతే నడిపేవాళ్లతో మాట్లాడి మరొకరికి మార్పించవచ్చు. ఇంకొక మాట. మంచి ధర కోసం సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టాలని నాన్న అనుకుంటుంటే, అక్కడి అద్దెతో పాటు ఈ వడ్డీని కూడా లెక్కలో వేయమను. క్వింటాలుకు పెరిగే ధరను ఆ రెండూ కలిసి మింగేస్తే, ఖమ్మం మార్కెట్లో ఇప్పుడే అమ్మి అసలులో కొంత కట్టడమే మేలు. ఇది నువ్వు ఆజ్ఞాపించినట్టు కాకుండా ఆయనతో కలిసి వేసే లెక్కలా ఉండాలి.

సంబంధాల విషయం సూటిగా చెప్పు. చదువు పూర్తయ్యేదాకా వద్దని. నీకు ఇష్టం ఉండి చూసినా సరే, కంపెనీ ఉద్యోగమని అవతలివాళ్లకు చెప్పనివ్వకు. అలా కుదిరిన పెళ్లిలో రేపు మాట పడేది నువ్వు. పిన్ని కొడుకు గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. జులైకి ముందే ఇంట్లో తెలిసిపోతే అతను వచ్చినా రాకపోయినా ఒకటే.

చదువు దగ్గరకు వద్దాం. అక్కడ ఒకటి నుంచి అయిదు దాకా ఉండే గ్రేడుల్లో ఒకటి వస్తే తప్పినట్టు. అదేమీ అరుదు కాదు, అక్కడి పిల్లలకూ వస్తుంది. పోయిన రెండు సబ్జెక్టులకు పరీక్ష మాత్రం రాస్తే చాలా, తరగతులకు మళ్లీ వెళ్లాలా, ఇంకా ఎన్ని అవకాశాలు మిగిలాయి అన్నవి మీ విభాగంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకో. ఒక సెమిస్టర్ ఖాళీగా వదిలేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోకు. చదువు ఆగితే నివాస అనుమతికి ఆధారమే కదులుతుంది. అంతర్జాతీయ కార్యాలయంలో అడిగాకే నిర్ణయించుకో. మేలో మొదలయ్యే పరీక్షల తేదీలు మీ విశ్వవిద్యాలయ ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ నెప్టూన్‌లో పెట్టగానే పేరు నమోదు చేసుకో, అనుకూలమైన రోజులు త్వరగా నిండిపోతాయి. ఆ రెండు పరీక్షలకూ మధ్య కనీసం ఒక వారం ఉండేలా చూసుకో. ఆ వారాలకు హోటల్ పనిలో సెలవు కావాలని సహకార సంఘానికి ఇప్పుడే చెప్పి పెట్టు.